ఫోను కౌంటర్‌లో ఇచ్చి పుస్తకం పట్టడం ఎలా?

తిరుమలలో దర్శనానికి వెళ్లేవారు వరుసలోకి అడుగు పెట్టే ముందే ఫోను డిపాజిట్ కౌంటర్‌లో ఇచ్చేయాలి. రసీదు జేబులో పెట్టుకుని వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లోకి వెళ్తాం. తర్వాత కంపార్ట్‌మెంట్‌లో ఎన్ని గంటలు కూర్చోవాలో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి. కాపురం తిరుపతిలో కాబట్టి, చుట్టాలు వచ్చినప్పుడల్లా వాళ్లతో కొండకు వెళ్లడం నాకు తప్పదు. ఒకసారి ఊరికే కూర్చుని మనుషులను గమనించాను. మొదటి పావుగంట అందరి చేతులూ జేబులు తడుముకుంటూనే ఉన్నాయి. అరగంటకు ఆ తడుములాట తగ్గింది. గంట గడిచేసరికి నా ఎదుట ఉన్న పెద్దాయన గోవింద నామాల చిన్న పుస్తకాన్ని ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా చదివేసి, మళ్లీ మొదటి పేజీ తిప్పారు. పక్కన ఒక అమ్మాయి బిస్కెట్ ప్యాకెట్ వెనక ఉన్న చీమతలకాయంత అక్షరాలను కూడా వదలకుండా చదువుతోంది.

వాళ్లెవరికీ ఆ పూట కొత్తగా మనోబలం వచ్చిపడలేదు. ఫోను అందనంత దూరంలో ఉంది, అంతే. నేను చెప్పబోయే పద్ధతి అంతా ఈ దూరం చుట్టూనే తిరుగుతుంది. పుస్తకం మీద ధ్యాస నిలవడం లేదని బాధపడేవారు తమను తాము తిట్టుకోవడం ముందు మానేయాలి. ఆ తిట్లతో ఒక్క పేజీ కూడా ముందుకు జరగదు. నేను రెండేళ్లు తిట్టుకుని చూశాను. ఒకప్పుడు తెల్లవారేదాకా మేలుకుని నవల ముగించేవాణ్ణి. అలాంటిది పన్నెండు పేజీల కథ చదవడానికి మూడు రోజులు పట్టింది, అదీ మూడో రోజుకు కథలో పెళ్లి ఎవరికి జరుగుతోందో మరచిపోయి.

మొదట పెన్సిల్ తీసుకోండి

వెంటనే అలవాట్లు మార్చేయకండి. రెండు రోజులు కేవలం లెక్క పెట్టండి. లెక్కకు రెండు దారులు ఉన్నాయి.

ఒకటి ఫోనులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఒక చోటు ఉంటుంది, ఐఫోనులో అయితే స్క్రీన్ టైమ్. అక్కడ ఎన్ని గంటలు వాడారన్నది పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. దాన్ని పట్టించుకోకండి. రోజుకు ఎన్నిసార్లు ఫోను చేతిలోకి తీసుకుని తెరిచారన్న అంకె చూడండి. ఎందుకంటే రెండు గంటలు ఒక సినిమా చూసినవారి ధ్యాస కన్నా, రెండు గంటలను ఎనభై ముక్కలు చేసినవారి ధ్యాసే ఎక్కువ దెబ్బతింటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ ప్రాంగణంలో గ్లోరియా మార్క్ అనే ఆచార్యురాలు ఈ విషయాన్ని ఏళ్ల తరబడి కొలుస్తూ వచ్చారు. తెర మీద ఒక పని నుంచి మరో పనికి మారే ముందు మనుషులు ఎంతసేపు నిలుస్తున్నారని 2004లో చూస్తే సగటున రెండున్నర నిమిషాలు. ఇటీవలి కొలతల్లో అది 47 సెకన్లకు వచ్చింది.

రెండో దారి నాకు ఇష్టమైనది. చదివేటప్పుడు చేతిలో పెన్సిల్ ఉంచుకోండి. మనసు పేజీ వదిలి ఎటో వెళ్లిందని తెలిసిన ప్రతిసారీ ఆ వరుస పక్కన, అంచులో, చిన్న అడ్డగీత గీయండి. గీసి మళ్లీ చదవండి. విసుక్కోవడం, పశ్చాత్తాపపడడం అవసరం లేదు. మొదటి రోజు నాకు ఏడు పేజీల్లో పంతొమ్మిది గీతలు వచ్చాయి. ఒక పేజీలో అయితే గీతలు దువ్వెన పళ్లలా కనిపించాయి. చూసి నవ్వు వచ్చింది. విచిత్రం ఏమిటంటే, ఆ గీతలు ఊరికే పడవు. సంభాషణలు ఉన్న చోట పడవు. వర్ణన రెండు పేరాలు దాటితే పడతాయి. పేరా మధ్యలో ఏదో ఊరి పేరు వస్తే, ఆ ఊళ్లో మనకు రావలసిన బాకీ గుర్తొచ్చి పడతాయి. మీ మనసు ఎక్కడ జారుతుందో మీకు తప్ప ఎవరికీ తెలియదు, ఏ ఫోనూ ఆ లెక్క చెప్పలేదు.

ఇంట్లో ఒక డిపాజిట్ కౌంటర్ పెట్టండి

అసలు పని ఇదే. మిగతావి చేయకపోయినా ఇది చేయండి.

ఇంట్లో ఫోనుకు ఒక చోటు నిర్ణయించండి. ఆ చోటుకు రెండే అర్హతలు ఉండాలి: మీరు చదివే గదిలో ఉండకూడదు, అక్కడికి వెళ్లాలంటే లేచి నడవాలి. మా ఇంట్లో వంటగదిలో పోపుల పెట్టె పక్క అర. ఫోను అక్కడ పెట్టి, కావాలంటే దేవస్థానం వారి పద్ధతిలో ఒక చీటీ మీద సమయం రాసి పుస్తకంలో గుర్తుగా పెట్టుకోండి. నవ్వులాటగా మొదలుపెట్టాను కానీ, ఆ చీటీ ఇప్పుడు నాకు బాగా పనికొస్తోంది. ఎంతసేపు చదివానో ఫోను చూడకుండానే తెలుస్తోంది.

తిరగేసి బల్ల మీద పెడితే చాలదా అని అడుగుతారు. అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాదాపు 800 మందితో చేసిన ప్రయోగాన్ని 2017లో ప్రచురించారు. కొందరి ఫోను బల్ల మీద బోర్లించి పెట్టించారు, కొందరిది జేబులోనో సంచిలోనో, కొందరిది పక్క గదిలో. అన్నీ శబ్దం ఆపినవే. పక్క గదిలో ఫోను వదిలి వచ్చినవారు పరీక్షల్లో బల్ల మీద ఉంచుకున్నవారి కన్నా మెరుగ్గా చేశారు. తర్వాత ఇతరులు చేసిన కొన్ని ప్రయోగాల్లో తేడా అంతగా కనిపించలేదన్న మాట కూడా నిజమే. నేను మాత్రం నా పెన్సిల్ గీతలను నమ్ముతాను. బల్ల మీద ఫోను ఉన్న రోజు గీతలకూ వంటగదిలో ఉన్న రోజు గీతలకూ నాకు సగానికి సగం తేడా వచ్చింది.

ఇక్కడ ప్రతి ఒక్కరూ చెప్పే అభ్యంతరాలు నాలుగు ఉన్నాయి. వరుసగా చూద్దాం.

‘ఊళ్లో అమ్మానాన్నలు ఉన్నారు, అర్జెంటు ఫోను వస్తే?’ ఇది న్యాయమైన భయం. డు నాట్ డిస్టర్బ్ పెట్టి, ముఖ్యమైన నలుగురైదుగురి నంబర్లకు మినహాయింపు ఇవ్వండి. ఇంకో సదుపాయం చాలామందికి తెలియదు. ఒకే నంబరు నుంచి వెంటవెంటనే రెండోసారి కాల్ వస్తే మోగేలా పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల లోపు, ఐఫోనులో 3 నిమిషాల లోపు రెండో కాల్ వస్తే మోగుతుంది. ‘నిజంగా అవసరమైతే రెండుసార్లు చేయండి’ అని ఇంట్లోవాళ్లకు చెప్పేయండి. వంటగదిలో మోగినా వినిపిస్తుంది, మన ఇళ్లు అంత పెద్దవేమీ కావు.

‘పొద్దున్నే లేవడానికి అలారం?’ గడియారాల దుకాణంలో బల్ల మీద పెట్టే అలారం గడియారం కొనండి. తల దిండు పక్కన ఫోను ఉండడానికి మనం చెప్పుకునే సాకుల్లో ఇదే పెద్దది. ఆ సాకు తీసేస్తే నిద్ర కూడా బాగుపడుతుంది.

‘తెలియని మాటకు అర్థం చూడాలంటే?’ చీటీ మీద రాసుకోండి, చదవడం అయ్యాక చూడండి. సగం మాటల అర్థం తర్వాతి పేజీలోనే తెలిసిపోతుంది.

‘కరెంటు పోతే టార్చి?’ ఈ నాలుగో అభ్యంతరం మా ఇంటావిడది. దీనికి నా దగ్గర జవాబు లేదు. కొవ్వొత్తి వెతుక్కున్నాం.

గంటలు మోగడం ఆపించండి

ఫోనులో నోటిఫికేషన్ల జాబితా తెరిచి కాల్స్, బ్యాంకు మెసేజీలు, ఇంటివాళ్ల మెసేజీలు తప్ప అన్నీ ఆపేయండి. వాట్సాప్ గ్రూపులకు మ్యూట్ పెట్టేటప్పుడు ఎనిమిది గంటలు, వారం అని కాకుండా ఎల్లప్పుడూ అన్నది ఎంచుకోండి. చుట్టాల గ్రూపు నుంచి బయటికి వస్తే పెళ్లిలో అడుగుతారు, మ్యూట్ చేస్తే ఎవరికీ తెలియదు. గులాబీ పువ్వుతో శుభోదయం సాయంత్రం చూసినా శుభమే.

రీల్స్, షార్ట్స్ గురించి ఒక మాట. వాటిని ‘కొంచెంసేపు’ చూడడం ఎందుకు కుదరదంటే వాటికి అడుగు లేదు. వేలితో తోసేకొద్దీ కొత్తది వచ్చే ఈ అంతులేని స్క్రోలింగ్‌ను 2006లో అజా రాస్కిన్ అనే ఆయన రూపొందించాడు. తర్వాత అందుకు తానే బహిరంగంగా విచారం వ్యక్తం చేశాడు. నా చిన్నప్పుడు వేరుశనగ పొట్లం విప్పి పప్పులు తిన్నాక ఆ కాగితం మీద ఉన్న సగం వార్త చదివేవాళ్లం. మిగతా సగంలో ఏమై ఉంటుందా అని బడికి వెళ్లేదాకా ఆలోచించేవాళ్లం. ఆ కాగితానికి అంచు ఉంది, అంచు దగ్గర ఆలోచన మొదలయ్యేది. అందుకే ఈ యాప్‌లకు నిమిషాల పరిమితి పెట్టుకోమని నేను చెప్పను. పదిహేను నిమిషాల తర్వాత వచ్చే హెచ్చరికను వేలితో పక్కకు నెట్టేస్తామని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఫోనులోంచి తీసేయండి, ఆదివారం చూడాలనిపిస్తే మళ్లీ వేసుకోండి. ఆ మళ్లీ వేసుకునే శ్రమే మనకు కావలసిన దూరం.

పలుచని పుస్తకంతో మొదలుపెట్టండి

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. చదవడం మానేసి ఐదేళ్లయినవారు ఆరువందల పేజీల గ్రంథం కొని, దాన్ని షెల్ఫులో పెట్టి, దాని ముఖం చూడలేక తలుపు మూస్తారు. అలిపిరి మెట్లు 3,550. మొదటిసారి నడిచేవారిని ఎవరూ పరుగెత్తమని చెప్పరు. కథల సంపుటి తీసుకోండి. ఒకసారి కూర్చుంటే ఒక కథ పూర్తయిపోవాలి. ముప్ఫై పేజీలు చదివినా పుస్తకం మిమ్మల్ని పట్టుకోకపోతే మొహమాటపడకుండా మార్చేయండి.

కొనాలన్న నియమం ఏమీ లేదు. మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కలిసి ఉంటుంది. అంటే ఇల్లున్న ప్రతివారూ చదివినా చదవకపోయినా గ్రంథాలయానికి డబ్బు కడుతూనే ఉన్నారు. చిత్తూరులో జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది, తిరుపతిలోనూ మండల కేంద్రాల్లోనూ శాఖలు ఉన్నాయి. చిన్న డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకుంటే పుస్తకం ఇంటికి ఇస్తారు. నాకు నచ్చేది ఉచితంగా రావడం కన్నా, తిరిగి ఇవ్వవలసిన తేదీ. కొన్న పుస్తకం ఎప్పుడైనా చదవవచ్చు కాబట్టి ఎప్పుడూ చదవం. తెచ్చిన పుస్తకం వెనక అట్ట మీద తేదీ ముద్ర చూస్తూ ఉంటుంది. ఒకసారికి ఒకే పుస్తకం తెచ్చుకోండి.

కాగితమా, తెరా అన్న ప్రశ్నకు నా జవాబు కాగితం. 2018లో ప్రచురితమైన ఒక సమీక్ష 54 అధ్యయనాలను, లక్షా డెబ్భై వేలకు పైగా పాఠకులను కలిపి చూసింది. సమాచారం ఇచ్చే రచనలను కాగితం మీద చదివినవారికే ఎక్కువ అర్థమైందని, సమయం తక్కువ ఉన్నప్పుడు ఆ తేడా ఇంకా పెరిగిందని తేల్చింది. కథలకు వచ్చేసరికి చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కాబట్టి పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ముఖ్యమైన పాఠాలను పీడీఎఫ్‌లో చూసి సరిపెట్టుకోకుండా ప్రింటు తీయించుకోవడం మంచిది. ఫోనులోనే చదవక తప్పకపోతే ఏరోప్లేన్ మోడ్ పెట్టి చదవండి.

పన్నెండు నిమిషాలు, ఒకే చోట

రోజుకు గంట అని సంకల్పం చెప్పుకోకండి. పన్నెండు నిమిషాలు చాలు. ఎందుకు పన్నెండు అంటే శాస్త్రం ఏమీ లేదు, పది మరీ తక్కువగా అనిపించింది, పదిహేను భయపెట్టింది. వారం తర్వాత ఐదు నిమిషాలు పెంచండి. ఇష్టం పుట్టాక మీరే గడియారం చూడడం మానేస్తారు.

చోటూ సమయమూ మార్చకండి. మన ఊళ్లలో మే నెల ఎండకు మధ్యాహ్నం చదవాలని కూర్చుంటే పుస్తకం ముఖం మీద కప్పుకుని నిద్రపోవడమే. ఉదయం ఆరు లోపు, లేదా సాయంత్రం మిద్దె మీద నీళ్లు చల్లి కాస్త చల్లబడ్డాక బాగుంటుంది. రాత్రి పడక మీద వద్దు, మొదటి నెలలో అయితే అసలు వద్దు.

ప్రయాణంలో చదువుదామనుకునేవారికి: తిరుపతి నుంచి చిత్తూరుకు రోడ్డు మీద 70 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. రోజూ తిరిగే ఉద్యోగులు నాకు చాలామంది తెలుసు. బస్సులో పుస్తకం తెరిస్తే కొందరికి కడుపులో తిప్పుతుంది. కన్ను కదలని పేజీని చూస్తుంటే, లోపలి చెవి మాత్రం బస్సు ఊగుతోందని మెదడుకు చెబుతుంది. ఆ రెండు కబుర్లూ పొసగక వచ్చే బాధ అది. మీది ఆ ఒళ్లయితే పంతానికి పోవద్దు. పాకాల మీదుగా కాట్పాడి వెళ్లే రైళ్లలో ఈ ఇబ్బంది తక్కువ, కిటికీ పక్క సీటు దొరికితే పుస్తకానికి అంతకన్నా మంచి చోటు లేదు. కాకపోతే చంద్రగిరి దాటాక కొండలు వస్తాయి. అప్పుడు తలెత్తి చూడండి, దానికి పెన్సిల్ గీత గీయనక్కర్లేదు.

వాక్యం చివరిదాకా వెళ్లండి

ఇది తెలుగు చదివేవారికి మాత్రమే చెప్పే మాట. తెర మీద చదివీ చదివీ మన కళ్లకు ఒక అలవాటు పడింది. వాక్యం మొదట్లో నాలుగు మాటలు చూసి, మిగతాది ఊహించుకుని కిందికి దూకుతాయి. తెలుగులో ఆ దూకుడు కుదరదు. మన భాషలో క్రియ చివర కూర్చుంటుంది. అసలు ఏం జరిగిందో, జరిగిందో లేదో కూడా చివరి మాటే చెబుతుంది. ఈ వాక్యం చూడండి:

‘అన్న పట్నం నుంచి వచ్చి పొలం అమ్మేస్తానని నాన్నతో గొడవపడ్డాడని ఊరంతా అనుకున్న మాట నిజం కాదని అమ్మ చాలా ఏళ్లదాకా నాకు చెప్పలేదు.’

సగంలో దూకిన కంటికి అన్న గొడవపడ్డాడు. ఇంకాస్త ఓపిక ఉన్న కంటికి గొడవ జరగలేదు. చివరిదాకా వెళ్లిన కంటికే ఈ వాక్యం అన్న గురించి కాదని, అమ్మ మౌనం గురించి అని తెలుస్తుంది. ఒకే వాక్యం మూడు చోట్ల మూడు కథలు చెబుతోంది. అందుకని చదవడం మొదలుపెట్టిన ప్రతిసారీ మొదటి పేజీ పైకి చదవండి. గొంతుకు దూకడం రాదు, చివరి అక్షరం దాకా పలకాల్సిందే. ఒక పేజీ అయ్యేసరికి కన్ను కూడా గొంతు నడకలో పడుతుంది. అప్పుడు మౌనంగా చదువుకోండి. ఇంట్లోవాళ్లు మొదట వింతగా చూస్తారు, నాలుగో రోజుకు తర్వాత ఏమైందని అడుగుతారు.

ఇంగ్లీషు మీడియంలో చదివి, తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసే పిల్లలకు వత్తులూ గుణింతాలూ కంటికి బరువుగా ఉంటాయి. అది బుద్ధిమాంద్యం కాదు, వాడకం లేకపోవడం. వాళ్లకు పుస్తకం ముందు ఇవ్వకండి. రోజూ పత్రికలో ఒక చిన్న వార్త పైకి చదివించండి. మా అమ్మాయి మొదట్లో ‘ఉద్యోగ నియామకాలు’ అన్న మాట దగ్గర రెండుసార్లు ఆగేది. నెల తిరిగేసరికి నా తప్పులు దిద్దడం మొదలుపెట్టింది. ఒక షరతు ఉంది: మీ చేతిలో ఫోను పెట్టుకుని పిల్లలను చదవమనకండి. ఆ మాట వాళ్లకు వినపడదు.

మూసే ముందు మూడు వరుసలు

చదవడం ఆపేముందు గుర్తు చీటీ వెనక మూడు వరుసలు రాయండి. ఎవరు వచ్చారు, ఏమి జరిగింది, మీకు ఏమనిపించింది. అందంగా రాయనక్కర్లేదు. ‘మేనమామ అబద్ధం చెబుతున్నట్టుంది’ అని ఒకరోజు రాసుకున్నాను. మర్నాడు ఆ ఒక్క ముక్కతో కథ అంతా తిరిగి వచ్చింది.

మధ్యలో రోజులు తప్పుతాయి. ఇంట్లో పెళ్లి, ఆఫీసులో ఆడిట్, బ్రహ్మోత్సవాలకు దిగిన చుట్టాలు. పది రోజులు తప్పితే పదకొండో రోజు పన్నెండు నిమిషాల దగ్గరే మొదలుపెట్టండి. ఎక్కడ ఆపారో అక్కడికి రెండు పేజీలు వెనక్కి వెళ్లి చదవండి. బాకీ తీర్చాలని ఒకేరోజు యాభై పేజీలు మింగితే మళ్లీ పది రోజులు తప్పుతుంది.

గ్రంథాలయం పుస్తకమైతే తిరిగి ఇచ్చే ముందు పెన్సిల్ గీతలను రబ్బరుతో తుడిచేయండి. అందుకే గట్టిగా నొక్కి గీయకూడదు. నేను ఒకసారి తుడవడం మరచిపోయి ఇచ్చేశాను. ఏడాది తర్వాత అదే కథల పుస్తకాన్ని మళ్లీ తెచ్చుకుంటే, నలభయ్యో పేజీ అంచులో నా గీతలు మూడూ అలాగే ఉన్నాయి. వాటి కింద ఇంకెవరో నీలం సిరాతో మరో రెండు గీసి ఉన్నారు.